సంగటి ముద్ద దొరకని బంగారు సీమ

‘కేజీఎఫ్’ సినిమా చూసి కేజీఎఫ్‌కు, అంటే మా కోలారు బంగారు గనుల ఊరికి, వచ్చేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కార్లలో వస్తారు. బంగారం తీశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఆకలి వేసేసరికి మాలాంటి ముసలివాళ్ళను ఆపి, “తాతా, ఇక్కడ తినడానికి మంచి తావు ఏది?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు జవాబు తొందరగా రాదు. నేను తిన్న తావులు సగం మూతపడ్డాయి. ఉన్నవాటిలో చాలావరకు మా జిల్లా తిండి పెట్టవు. రాబర్ట్‌సన్‌పేట నుంచి కోలారు హైవే దాకా ఏ బోర్డు చూసినా నార్త్ ఇండియన్, చైనీస్, తందూరి. రాగి పండే నేల మీద రాగి సంగటి కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఇది నాకు కోపం తెప్పించే విషయం. ఆ కోపం ఎందుకో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది ములబాగిలు తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల దగ్గర తమిళం. ఈ మూడూ లేకుండా మా వైపు ఎవరికీ పూట గడవదు. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల పనిచేసినాడు. మేమంతా గని లైను ఇళ్ళలోనే పెరిగినాం. పండగలకూ పంటలకూ మాత్రం పల్లెకు పోయేవాళ్ళం. అందువల్ల రెండు తిండ్లూ నాకు తెలుసు. సేద్యం చేసేవాడి తిండి ఒకటి, గనిలో దిగేవాడి తిండి ఇంకొకటి.

ఇప్పటి పిల్లలకు గని అంటే సినిమాలో చూసిందే. అసలు సంగతి కొంచెం చెప్తాను. 1880లో ఇంగ్లండు నుంచి జాన్ టేలర్ కంపెనీ వచ్చి ఇక్కడ గనుల పని పట్టింది. బౌరింగ్‌పేట నుంచి మారికుప్పం దాకా రైలు వేశారు. ఆ బౌరింగ్‌పేటే నేటి బంగారపేట. 1902లో కావేరి మీద శివనసముద్రం దగ్గర కరెంటు పుట్టించి, అంత దూరం నుంచి తీగల మీద గనులకు తెచ్చారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం వైపుల నుంచి వేలాది కుటుంబాలు వచ్చి వెదురు తడికల ఇళ్ళలో, గని లైన్లలో కాపురం పెట్టాయి. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అంత లోపల రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. పై నుంచి చల్లగాలి పంపినా మనిషి చెమటలో తడిసిపోయేవాడు. రాయి పేలి కూలిపోయే భయం ఎప్పుడూ ఉండేది.

అక్కడ ఎనిమిది గంటలు పనిచేసి పైకి వచ్చినవాడికి ఏం కావాలి? ఒంట్లోంచి పోయిన ఉప్పు కావాలి. నోటికి పులుపూ కారమూ కావాలి. కడుపులో గట్టిగా నిలిచే ముద్ద కావాలి. మా గనుల తిండి అంతా ఈ మూడు అవసరాల మీద నిలబడింది. ఏ వంటవాడో ఇంట్లో కూర్చుని ఆలోచించి తయారు చేసింది కాదు అది. చెమట తయారు చేసింది.

మా నాయన టిఫిన్ క్యారియర్‌లో కింది గిన్నెలో సంగటి, పై గిన్నెలో పులుసు, ఒక మూలన ఊరిబిండి. ఒక సీసాలో పల్చటి ఉప్పు మజ్జిగ. ఎండుమిరపకాయలూ చెనిక్కాయలూ వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి రోట్లో నూరిన ఊరిబిండి అది. నీళ్ళు తక్కువగా పోసి నూరితే రెండు పూటలకు చెడేది కాదు. పక్కన తమిళ కుటుంబాలవాళ్ళు ఎండుచేపల కుళంబు, పెరుగన్నం తెచ్చుకునేవాళ్ళు. గని లోపల భోజనం వేళకు పది మంది డబ్బాలు తెరిచి పంచుకునేవాళ్ళని నాయన చెప్పేవాడు. అక్కడ ఏది ఎవరి కూర అని ఎవరూ అడగరు.

పేట హోటళ్ళు గడియారం చూసి నడిచేవి కావు. గని సైరను విని నడిచేవి. రాత్రి షిఫ్టువాళ్ళు తెల్లవారుజామున గని లిఫ్టులో పైకి వచ్చేసరికి పొయ్యి మీద ఇడ్లీ పాత్ర పొగలు కక్కుతుండాలి. లేకపోతే ఆ హోటలు నిలవదు. పొద్దున షిఫ్టుకు గనిలో దిగేవాళ్ళకు పొంగలి, ఉప్పిట్టు. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు సంగటి, అన్నం. అర్ధరాత్రి దాటాక కూడా ఏదో ఒక అంగట్లో దీపం ఉండేది. ఒక గ్లాసు టీ, రెండు బోండాలు దొరికేవి. ఆ సమయపాలన నాకు ఇప్పటి ఏ పెద్ద హోటల్లోనూ కనబడదు. తొమ్మిదింటికి గానీ షట్టరు ఎత్తరు. ఎత్తినాక “ఇంకా మాస్టరు రాలేదు సార్” అంటారు.

మిలిటరీ హోటళ్ళంటే మాంసం వండే హోటళ్ళు. ఆంధ్రాలో ఈ పేరు తక్కువగాని మా కర్ణాటకలో వాడవాడలా వినబడుతుంది. పొద్దున్నే కాళ్ళ సూపు, తలకాయ కూర. మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు. జీతాల రోజు రాబర్ట్‌సన్‌పేట ఎం.జి. మార్కెట్టు చుట్టూ నిలబడ్డానికి జాగా ఉండేది కాదు. ఆండర్సన్‌పేట వైపు సాయంత్రం కాగానే తోపుడుబండ్ల మీద గొడ్డు మాంసం మిరియాలు వేసి వేయించేవాళ్ళు. తక్కువ డబ్బుతో కూలివాడికి బలం ఇచ్చిన తిండి అది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ళను నేను ఒప్పుకోను. ఈ గనులను తవ్విన చేతుల్లో ఎక్కువ భాగం దళితులవి. వాళ్ళ తిండి గురించి మాట్లాడకుండా కేజీఎఫ్ తిండి గురించి మాట్లాడడం అబద్ధమవుతుంది.

పాత రోజులన్నీ మంచివని నేను అనను. మా పల్లెల వైపు హోటళ్ళలో కొందరికి వేరే గ్లాసు ఉండేది. గోడ బయట గూట్లో పెట్టేవాళ్ళు, తాగినవాడే కడిగి పెట్టాలి. నా చిన్నప్పుడు అది నా కళ్ళతో చూశాను. ఆ ఒక్క విషయంలో ఈ రోజులే మేలు, అందులో వాదన లేదు. గనుల పేటలో సంఖ్యాబలం, యూనియన్ల బలం ఉండడం వల్ల అక్కడ ఆ పీడ తొందరగా తగ్గింది. బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకడు తెలుగులో అడిగితే, సప్లయరు కన్నడంలో కేకవేస్తే, లోపలి నుంచి తమిళంలో బదులు వచ్చేది.

దొరల తిండి వేరే లోకం. గనుల్లో వాళ్ళ బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూసి ఈ ఊరిని చిన్న ఇంగ్లండు అనేవాళ్ళు. క్లబ్బు గేటు మా వాళ్ళకు తెరుచుకునేది కాదు. కానీ దొరల వంటింటికీ మన వంటింటికీ మధ్య ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. కొబ్బరిపాలు పోసి వండిన పసుపు అన్నం, కైమా ఉండల కూర, దాని పక్కన పుల్లగా ఎర్రగా ఉండే డెవిల్ చట్నీ, చారులాంటి పెప్పర్ వాటర్. మన చారుకూ వాళ్ళ పెప్పర్ వాటర్‌కూ తేడా ఎంత చిన్నదో ఒకసారి తాగితే తెలుస్తుంది. డిసెంబరు వచ్చిందంటే ఇంటింటా గులాబీపూల అచ్చుతో గుల్ల బిస్కెట్లు వేసేవాళ్ళు, కల్కల్ చుట్టేవాళ్ళు. పేట బేకరీల్లో ప్లమ్ కేకుల వాసన వీధి చివరిదాకా వచ్చేది. గుల్లలకూ మన గులాబీపువ్వుల పిండివంటకూ చుట్టరికం ఉంది. కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన బ్రిజెట్ వైట్ కుమార్ ఈ వంటలన్నీ పుస్తకాలుగా రాసి పెట్టింది. ఆమె చేసిన పని గొప్పది. మా సంగటికీ పులుసుకూ గనుల పక్షాన అలా రాసిపెట్టిన మనిషి ఒక్కరైనా ఉండి ఉంటే ఎంత బాగుండేది.

కూలివాళ్ళ తిండిని నిలబెట్టుకున్న ఊళ్ళూ ఉన్నాయి. ఫ్రాన్సు దేశంలో లియోన్ అని ఒక నగరం ఉంది. అదీ మా కోలారులాగే పట్టుకు పేరుపడింది. అక్కడి పట్టు నేతగాళ్ళు చీకటితో మగ్గం ఎక్కి, పొద్దున తొమ్మిది గంటల వేళకు దిగి, చౌకగా దొరికే పేగులూ తలమాంసమూ వండుకుని కాస్త వైన్‌తో తినేవాళ్ళట. ఆ పొద్దుటి తిండికి మాషోఁ అని పేరు. దాన్ని పెట్టే చిన్న హోటళ్ళను బుషోఁ అంటారు. మగ్గాలు పోయాయి, నేతగాళ్ళు పోయారు. ఆ హోటళ్ళు మాత్రం పోలేదు. పాత వంటలు పాత పద్ధతిలో చేసే హోటలుకే ఆ పేరు చెల్లాలని ఊరి వర్తక సంఘం ఒక ముద్ర కూడా ఇస్తోంది. ప్రపంచం నలుమూలల నుంచి జనం పోయి ఆ కూలివాళ్ళ తిండి తిని వస్తున్నారు. కూలివాడి పేగుల కూరను వాళ్ళు ఊరి పరువుగా నిలబెట్టుకున్నారు. మా దగ్గర రాత్రి షిఫ్టు దిగినవాడి తలకాయ కూర పెట్టిన అంగడి ఎక్కడుండేదో చూపించడానికి కూడా మనిషి లేడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. నూట ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల టన్నుల దాకా బంగారం ఇచ్చిన నేల అది. చివరికి టన్ను రాయి పగలగొడితే మూడు నాలుగు గ్రాములు వచ్చే స్థితికి వచ్చింది. తవ్వే ఖర్చు గిట్టలేదు. ఆ లెక్క నాకూ అర్థమవుతుంది. ఆ లెక్కలో రాయనిది ఒకటుంది. సైరను ఆగిన రోజు నుంచి పేట పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. జీతం రోజు లేనప్పుడు మిలిటరీ హోటలుకు బేరం ఎక్కడిది? రాత్రి షిఫ్టు లేనప్పుడు తెల్లవారుజామున ఇడ్లీ ఎవరికి? మట్టి తవ్వే యంత్రాలు చేసే బెమెల్ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఆ చుట్టుపక్కల కొంత కళ ఉంది. మిగతా ఊరు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోతుంది. వేలమంది మారికుప్పం, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో చీకట్లో నిలబడతారు. ఆ రైలే మా వాళ్ళకు ఇల్లూ వాకిలీ. పొద్దుటి టిఫిను, మధ్యాహ్నం భోజనం బెంగళూరు ఫుట్‌పాత్ మీద. రాత్రి ఇంటికి వచ్చేది పడుకోవడానికి. ఊళ్ళో తినేవాడు లేకుండా ఊళ్ళో హోటలు ఎలా బతుకుతుంది? ఈ నిజం తెలిసే నేను పాత హోటళ్ళవాళ్ళను తప్పుపట్టను.

నా గొడవ కొత్త హోటళ్ళవాళ్ళతో. వాళ్ళ చుట్టూ ఏం పండుతోందో వాళ్ళకు పట్టదు. కోలారు జిల్లాను బంగారం, పట్టు, పాల జిల్లా అని పొగుడుతారు. బంగారం పోయింది, సరే. మిగతావి ఉన్నాయి. శ్రీనివాసపురం మామిడి వేసవిలో దేశమంతా పోతుంది. కోలారు టమోటా మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జూలైలో పదిహేను కిలోల పెట్టె రెండు వేల రూపాయలు దాటి పలికినప్పుడు ఊరంతా దాని గురించే మాట. చలికాలంలో అనపకాయ వస్తుంది. రాగి ఎటూ ఉంది. ఇన్ని పండే చోట హైవే పక్కన కూర్చుంటే నాకు తెచ్చిచ్చే కాగితంలో ఏముంది? పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా, నూడుల్స్. అన్ని కూరలకూ ఒకటే గ్రేవీ. ఎర్రటి రంగు, జీడిపప్పు ముద్ద, పైన మీగడ. ఆ గోబీలో వేసే రంగులు ఆరోగ్యానికి హాని అని తేలి, 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వమే అందులో కృత్రిమ రంగులు వేయకూడదని నిషేధించింది. కారంపొడితో, చింతపండుతో ఎర్రబడే మా పులుసుకు ఏ ప్రభుత్వమూ నిషేధం పెట్టాల్సిన అవసరం రాలేదు.

అనపకాయల మాట వచ్చింది కాబట్టి కొంచెం ఆగుతాను. మా ఇళ్ళలో సంక్రాంతి నెల అంటే పితికిపప్పు. రాత్రి మంచు బాగా పడితేనే కాయకు ఆ వాసన వస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. కాయలు ఒలిచి గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున ఇంట్లో ఆడా మగా అందరూ చుట్టూ కూర్చుని ఒక్కొక్క గింజనూ బొటనవేలితో నొక్కి తోలు ఊడబీకాలి. పితికితే లోపలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. దాన్ని కొబ్బరి, ధనియాలు, లవంగం, చెక్క నూరి వేసి పులుసు పెడితే ఇల్లంతా వాసన. సంగటిలో ఆ పులుసు పోసుకుని తింటే ఇంకో కూర అక్కరలేదు. ఈ పని గంటలకొద్దీ పడుతుందని హోటళ్ళు దాన్ని వదిలేశాయి. బెంగళూరులో మాత్రం దానికి ఏటా మేళా పెట్టి, దోసెలోనూ జిలేబీలోనూ కూడా అనపగింజలు వేసి అమ్ముతున్నారు. జనం క్యూ కట్టి కొంటున్నారు. మా పొలాల్లో కాసిన కాయ తినడానికి మేము బెంగళూరు పోవాలా?

సంగటి సంగతి ఇంకా బాధ. రాగిపిండి ఉడికేటప్పుడు తెడ్డుతో గిలకొట్టడంలో ఉంది దాని అందమంతా. ఉండ కట్టకూడదు, పిండి పచ్చిగా మిగలకూడదు, వేలికి అంటుకోకూడదు. వేడిగా ముద్ద చేసి కంచంలో పెడితే నిగనిగలాడాలి. నమలకుండా మింగాలి. దాని పక్కన ఆకుకూర, పప్పు ఉడికించిన నీళ్ళకు తాలింపు పెట్టిన బస్సారు, లేదా ఎనిపిన ఆకు. మా రోజుల్లో ఇది బీదవాడి తిండి. అన్నం తినేవాడు గొప్పవాడు, సంగటి తినేవాడు కూలివాడు. ఇప్పుడు ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించాక, చక్కెర జబ్బు వచ్చినవాళ్ళంతా రాగి అంటున్నారు. స్టార్ హోటల్లో చిన్న నిమ్మకాయంత ముద్ద పెట్టి వందలు తీసుకుంటున్నారని విన్నాను. మా ఊరి హోటలువాడిని అడిగితే “అది చేసే మనిషి దొరకడం లేదు సార్” అంటాడు. రాగి పండించే పల్లెలో ప్రతి ఇంట్లో ముసలామెకు ఆ పని వచ్చు. జీతం ఇచ్చి పిలవాలనే ఆలోచన రాదు.

ఇంత చెప్పి, బాగున్నది బాగుందని కూడా చెప్పాలి. ములబాగిలు దోసె బతికే ఉంది. తిరుపతి పోయే పాత రోడ్డు మీది ఊరు మాది. ఆంజనేయస్వామికి మొక్కి, కురుడుమలె వినాయకుణ్ణి చూసి, దోసె తిని బస్సెక్కడం తరతరాల అలవాటు. కన్నడ పెద్ద రచయిత డి.వి. గుండప్ప 1887లో పుట్టిన ఊరు కూడా ఇదే. ఆ దోసె మద్రాసువాళ్ళ కాగితం దోసె కాదు. చేతిపొడవు ఉండదు. మందంగా, చిన్నగా, పైన మెత్తగా గుల్లగా ఉండి, అడుగున మాత్రం ఎర్రగా కరకరలాడాలి. పిండిలో మెంతులు సరిగ్గా పడాలి, రాత్రంతా పులవాలి. పెనం దట్టమైన ఇనుముది కావాలి, మంట తొందరపడకూడదు. ఆలుగడ్డ పల్యం, గట్టి చట్నీ. ములబాగిలులో పాత చిన్న అంగళ్ళలో ఇప్పటికీ ఆ రుచి ఉంది. పొద్దున పోవాలి, పిండి అయిపోతే కొట్టు కట్టేస్తారు. అలా కట్టేసేవాడినే నేను నమ్ముతాను. రోజంతా పిండి ఉండే చోట ఆ పిండి ఎప్పటిదో ఎవరికి తెలుసు? బెంగళూరులో ములబాగిలు దోసె అని బోర్డులు పెట్టి, పైన చీజ్ తురుము వేసి, లోపల నూడుల్స్ పెట్టి ఇస్తున్నారు. మా ఊరి పేరు దానికి పెట్టకపోతే సంతోషిస్తాను.

బంగారపేట పానీపూరీ కూడా పైకి వచ్చింది, అది నా కాలం తర్వాతి సంగతి. నేను కోపంగా చూసి చివరికి మెచ్చుకున్నది అదొక్కటే. వేరే చోట్ల పానీ పచ్చగా చిక్కగా ఉంటుంది. బంగారపేటలో మామూలు నీళ్ళంత తేటగా ఉంటుంది. నోట్లో పడ్డాక గానీ పచ్చిమిర్చి, వెల్లుల్లి ఘాటు తెలియదు. రైలు జంక్షను ఊరు కాబట్టి వచ్చిపోయేవాళ్ళు తిని ఊరూరా పేరు మోశారు. ఆ పేరుతో ఇప్పుడు బెంగళూరు వీధుల్లో బళ్ళు వెలిశాయి. ఎక్కడి నుంచో వచ్చిన తిండిని మా జిల్లావాళ్ళు తమ చేతితో మార్చి తమది చేసుకున్నారు. ఇది చేయగలిగినవాళ్ళు సంగటిని నిలబెట్టలేరా అని నా ప్రశ్న.

తాగేదాని గురించి చెప్పాలంటే ముందు నీళ్ళ గురించి చెప్పాలి. గనులకు బేతమంగలం చెరువు నుంచి పాలారు నీళ్ళు గొట్టాల్లో వచ్చేవి. హోటల్లో కూర్చోగానే కంచు లోటాలో నీళ్ళు పెట్టేవాళ్ళు. ఇప్పుడు కూర్చోగానే “బాటిల్ నీళ్ళా, మామూలువా?” అని అడుగుతారు. మామూలువి అంటే వాడి మొహం మారుతుంది. దాని వెనక ఉన్న కారణం నాకు తెలుసు. పాలారు ఎండింది. బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి. లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, పళ్ళూ ఎముకలూ పాడవుతాయి. 2018 నుంచి బెంగళూరు వాడిన నీళ్ళను శుద్ధి చేసి మా చెరువుల్లోకి పంపుతున్నారు. చెరువులు నిండి కనబడుతున్నాయి గాని తాగడానికి కాదు. బంగారపేట తాలూకాలో యరగోళ్ డ్యాము కట్టాక తాగునీటికి కొంత ఊరట వచ్చింది. అయినా దాహమైన మనిషికి ముందు ఒక గ్లాసు నీళ్ళు పెట్టడం హోటలు ధర్మం. కాచి చల్లార్చి పెట్టండి, ఫిల్టరు పెట్టండి. ఆ ధర్మం అమ్ముకోవద్దు.

కాఫీ అయితే బై టు. ఒక కాఫీ చెప్పి రెండు గ్లాసుల్లో పంచుకోవడం మా వైపు స్నేహం. డబ్బు లేక కాదు. ఇప్పుడు కాగితం కప్పులో మూడు గుక్కలు పోసి ఇస్తారు, అందులో బై టు ఏముంటుంది? ఎండాకాలంలో గోలీ సోడా, పన్నీరు సోడా. పొలంలో అయితే రాగి అంబలి, ఉల్లిపాయ. సారాయి గురించి దాచను. జీతం రోజు సాయంత్రం లైన్లలో ఏడుపులు వినబడేవి. తాగి వచ్చినవాడి పెళ్ళాం పిల్లలు పస్తు ఉన్న రాత్రులు నాకు తెలుసు. 2007 జూలైలో కర్ణాటకలో సారాయి ఆపినప్పుడు మా వీధి ఆడవాళ్ళు సంతోషించారు. దాని స్థానంలో చవక విస్కీ పెట్టెలు వచ్చాయి. బారు ముందు ఉదయం నుంచే మనుషులు ఉంటారు. పాత టిఫిను అంగడి మూసిన చోట బారు తెరిచారు. నా పేటలో నాకు అన్నిటికంటే కడుపు మండించే మార్పు ఇదే.

ఇప్పుడు హొసకోట నుంచి బేతమంగలం వైపు పెద్ద ఎక్స్‌ప్రెస్ రోడ్డు వచ్చింది. మద్రాసు పోయే కార్లు మా జిల్లాను కళ్ళెత్తి చూడకుండా దాటిపోతాయి. పాత హైవే మీద ఉన్న హోటళ్ళవాళ్ళు బేరం తగ్గుతుందని భయపడుతున్నారు. నా మాట వాళ్ళకే. బెంగళూరులో దొరికే తిండినే మీరూ పెడితే మీ దగ్గర ఎవడు ఆగుతాడు? ఇక్కడ మాత్రమే దొరికేది పెట్టండి. బోర్డు మీద తెలుగులో, కన్నడంలో, తమిళంలో రాయండి: రాగి సంగటి, నాటుకోడి పులుసు, పితికిపప్పు, బస్సారు, ఊరిబిండి. వండగల ముసలమ్మలు ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్ళు ఇంకో పదేళ్ళు ఉంటారో లేదో. ఆ లోపల వాళ్ళ దగ్గర మీ వంటవాళ్ళను కూర్చోబెట్టండి. నగరసభ వాళ్ళు కూడా లియోన్ వర్తకుల్లాగా ఒక ముద్ర తయారు చేసి, ఈ వంటలు పెట్టిన హోటలుకు ఇవ్వవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు.

కేజీఎఫ్ చూడ్డానికి వచ్చే పిల్లలకు ఒక మాట. పొద్దున ములబాగిలులో దోసె తినండి, కొట్టు కట్టేయక ముందే పోండి. సాయంత్రం బంగారపేటలో పానీపూరీ తినండి. మధ్యలో ఏ హోటల్లో కూర్చున్నా, మెనూ కార్డు తెరవక ముందు సంగటి ఉందా అని అడగండి. లేదంటాడు. అయినా అడగండి. పక్క హోటల్లో కూడా అడగండి. డిసెంబరు, జనవరిలో వస్తే పితికిపప్పు అడగండి. రోజుకు పది మంది అడిగితే పదకొండో రోజు పొయ్యి మీద రాగిపిండి ఉడుకుతుంది. హోటలువాడు వండేది బేరాన్ని బట్టే, ఆ బేరం మీ చేతిలో ఉంది.